జీవితం బాగుపడిందా లేదా: ఏం అడిగి తేల్చాలి?

నీలిసిరా (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లకు చేతిపనులు, చిన్న వ్యాపారాల మెలకువలు నేర్పే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. కార్యక్రమం ఫలితాలు లెక్కతేల్చడం నా పని. నిధులిచ్చేవాళ్లు ఇన్నాళ్లూ ఎంతమంది నేర్చుకున్నారు, ఆదాయం ఎంత పెరిగింది అని అడిగేవారు. ఈసారి కొత్తగా "వాళ్ల జీవితం బాగుపడిందని ఒక అంకెలో చూపించండి" అంటున్నారు.

ఆదాయం పెరిగిన మాట నిజమే. కానీ కూర్చోబెట్టి మాట్లాడితే కొందరు మునుపటి కంటే టెన్షన్ ఎక్కువైందంటున్నారు. ఇంకొందరు డబ్బు పెద్దగా పెరగకపోయినా బాగున్నామంటున్నారు. మా డైరెక్టర్ గారేమో "సున్నా నుంచి పది దాకా ఎంత సంతోషంగా ఉన్నారో అడిగేస్తే పోలా" అంటారు. తోటి ఉద్యోగి ఐక్యరాజ్య సమితి సూచీలాగా చదువు, ఆరోగ్యం, ఆదాయం కలిపి కడదామంటాడు. సర్వే ఫారంలో నాకు ఇచ్చిన చోటు ఐదారు ప్రశ్నలకే. మీరైతే ఏం అడుగుతారు?

పాతలెక్కలు

మంచి చర్చ. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త పాత కథతో మొదలుపెడతాను, ఓర్చుకోండి.

జాతీయాదాయం లెక్కకు రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్, 1934లో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలోనే ఈ అంకెను బట్టి దేశ సంక్షేమాన్ని అంచనా వేయడం కుదరదని హెచ్చరించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మీ తోటి ఉద్యోగి చెప్పిన ఆ ఐక్యరాజ్య సమితి సూచీ, అంటే మానవాభివృద్ధి సూచీ తెచ్చాడు. అన్నిటినీ ఒక్క అంకెలో కుదించడం అమర్త్య సేన్‌కు మొదట్లో నచ్చలేదు. జీడీపీని పక్కకు నెట్టాలంటే అంత మొరటు అంకే కావాలన్నది హక్ వాదన. ఆ మొరటుతనం తెలిసే చేశారన్నమాట.

అందులో మూడు సంగతులుంటాయి: ఆయుర్దాయం, చదువు, ఆదాయం. ఆయుర్దాయానికి 20 ఏళ్లు కింది హద్దు, 85 పైహద్దు. ఆదాయానికి సంవర్గమానం, అంటే లాగరిథమ్ వాడతారు. లేనివాడి చేతికి వచ్చే వంద, ఉన్నవాడి చేతికి వచ్చే వంద ఒకటి కావు కదా. 2010 దాకా మూడింటినీ కూడి మూడుతో భాగించేవారు. అప్పటి నుంచి గుణోత్తర సగటు, అంటే మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తున్నారు. ఒక దాంట్లో బాగా వెనకబడితే ఇంకో దాంతో పూడ్చుకోవడం కష్టమవుతుంది.

అయితే నీలిసిరా గారూ, ఇది దేశాలకు కుట్టిన చొక్కా. మీ దగ్గర శిక్షణ పొందినవాళ్ల ఆయుర్దాయం ఎలా కొలుస్తారు? పెద్దవాళ్ల బడి చదువు ఇప్పుడెందుకు మారుతుంది? చివరికి మళ్లీ ఆదాయం ఒక్కటే మిగులుతుంది. దీనికంటే 2010లోనే వచ్చిన బహుముఖ పేదరిక సూచీ మీకు దగ్గర. సబీనా అల్కైర్, జేమ్స్ ఫోస్టర్ పద్ధతి అది. కుటుంబం కుటుంబంగా పది అంశాలు చూస్తారు: పోషకాహారం, తాగునీరు, కరెంటు, వంటచెరకు లాంటివి. లేనివాటి బరువు మొత్తంలో మూడోవంతుకు చేరితే ఆ కుటుంబాన్ని పేదరికంలో లెక్కిస్తారు. సగటుల వెనక మనుషులు మాయమవరు.

డేటాబాబు

మాస్టారూ, లెక్క బాగుంది. కానీ ఇంతసేపూ "నువ్వెలా ఉన్నావు" అని ఆ మనిషిని ఎవరూ అడగలేదు!

దీనికి పాత ప్రశ్నే ఒకటుంది. 1965లో హాడ్లీ కాంట్రిల్ వాడిన నిచ్చెన. అడుగున సున్నా, పైన పది. మీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం పైమెట్టు, అధ్వాన్నమైనది అడుగుమెట్టు. ఇప్పుడు మీరే మెట్టు మీద ఉన్నారు? గ్యాలప్ అనే సర్వే సంస్థ వాళ్లు ప్రపంచమంతా ఇదే అడుగుతారు. 2012 నుంచి వస్తున్న ప్రపంచ సంతోష నివేదిక ర్యాంకులు ఈ ఒక్క ప్రశ్న జవాబుల సగటే, మూడేళ్లవి కలిపి. జీడీపీ, సామాజిక అండ, స్వేచ్ఛ అంటూ ఆరు అంశాలు కలిపి ర్యాంకు కడతారని పేపర్లలో రాస్తుంటారు. తప్పు. ఆ ఆరూ ర్యాంకును వివరించడానికి పెట్టినవి. 2018 నుంచి ఫిన్లాండ్ పైన ఉందంటే అక్కడి జనం తమను తాము పైమెట్ల మీద పెట్టుకుంటున్నారని అర్థం, అంతే.

ఒక్క ప్రశ్న చాలదనిపిస్తే ఎడ్ డీనర్ బృందం 1985లో ఇచ్చిన జీవన సంతృప్తి స్కేలు ఉంది. ఐదు వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7. మొత్తం 5 నుంచి 35 మధ్య వస్తుంది. మీ ఐదారు ప్రశ్నల చోటుకు అతికినట్టు సరిపోతుంది.

తర్కం

> "నువ్వెలా ఉన్నావు" అని ఆ మనిషిని ఎవరూ అడగలేదు

అడిగితే మాత్రం ఏమవుతుంది? జన్మంతా అణిగి బతికిన మనిషి ఆశలు కుదించుకుని "నాకేం, బాగానే ఉన్నాను" అని ఎనిమిది వేస్తాడు. అన్నీ ఉన్నవాడు ఇంకా ఏదో కావాలని ఆరు వేస్తాడు. మొదటివాడి జీవితమే మెరుగని మీ నివేదిక చెప్పాలా? సేన్ పదేపదే ఎత్తిచూపింది ఈ చిక్కునే. లేమికి అలవాటుపడిన మనసు ఇచ్చే జవాబును ప్రమాణంగా తీసుకుంటే అన్యాయం కంటికి కనపడకుండా పోతుంది.

ముందు ఏది కొలవాలో తేల్చుకోండి. తత్వశాస్త్రంలో దీని మీద మూడు వర్గాలున్నాయి. మనసుకు కలిగే హాయే మేలు అంటారు కొందరు, ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ దారి అది. కోరుకున్నది నెరవేరడమే మేలు అంటారు ఇంకొందరు. ఆరోగ్యం, జ్ఞానం, స్నేహం, స్వేచ్ఛ లాంటివి మనం కోరినా కోరకపోయినా మేలే అనేది మూడో వర్గం. తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో ఒక ఊహ పెట్టాడు. ఏ అనుభవం కావాలంటే అది మెదడుకు అందించే యంత్రం ఉంది, జన్మంతా దానికి తగిలించుకుని ఉండిపోతారా అని. చాలామంది వద్దంటారు. అంటే మనకు కావలసింది హాయి ఒక్కటే కాదు.

తత్వవేత్త మార్తా నస్‌బామ్ పది సామర్థ్యాల జాబితా ఇచ్చింది. మనిషి ఏం చేయగలడు, ఎలా ఉండగలడు అన్నది కొలవండి. నవ్వుతున్నాడా లేదా అన్నది అతనికే వదిలేయండి.

నర్సక్క

తర్కం గారూ, మీరు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది గానీ, నేను పనిచేసేది వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల పునరావాస వార్డులో. చూడ్డానికొచ్చిన బంధువులంతా "ఇక ఏం బతుకు" అని కళ్లతోనే అనేస్తారు. కొన్నాళ్లకు ఆ మనిషి చక్రాల కుర్చీలో తిరుగుతూ, పనిలో చేరి, నేను బాగున్నాను అంటే దాన్ని "అలవాటుపడిన మనసు" అని కొట్టిపారేస్తామా? ఆ మాట అనే హక్కు పక్కనున్న ఆరోగ్యవంతుడికి ఎవరిచ్చారు? తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లలో సగానికి పైగా తమ జీవితం బాగుందనో చాలా బాగుందనో చెప్పారని 1999లో ఆల్బ్రెక్ట్, డెవ్లీగర్ రాశారు. బయటివాళ్ల అంచనా ఎప్పుడూ అంతకంటే కిందే ఉంటుంది.

అలాగని రెండో వైపు కూడా అతి చేస్తారు. లాటరీ గెలిచినవాళ్లూ ప్రమాదంలో కాళ్లు పడిపోయినవాళ్లూ ఏడాదికల్లా ఒకేలా సంతోషంగా ఉంటారని ఒక కథ తిరుగుతుంటుంది. అది బ్రిక్‌మన్ బృందం 1978 పరిశోధనకు వచ్చిన వక్రభాష్యం. అసలు అంకెలు చూడండి. సున్నా నుంచి ఐదు స్కేలు మీద లాటరీవాళ్లు 4.00, మామూలువాళ్లు 3.82, ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లు 2.96. తేడా ఉంది, బాగానే ఉంది. జనం ఊహించినంత లేదు, అంతే. పైగా అడిగింది 22 మంది లాటరీవాళ్లను, 29 మంది బాధితులను.

డేటాబాబు

నర్సక్కా, ఆ అంకెలు పెట్టినందుకు థాంక్స్. ఆ కథ వినీ వినీ విసుగొచ్చింది.

అలవాటు సంగతికి వస్తే, అన్నిటికీ ఒకేలా అలవాటుపడరు. జర్మనీలో 1984 నుంచి ఏటా అవే కుటుంబాలను అడుగుతున్న సర్వే ఒకటుంది. అందులో భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు చాలా ఏళ్లకు పాత స్థాయి దగ్గరికి వస్తారు. ఉద్యోగం పోయినవాళ్లు మాత్రం మళ్లీ పని దొరికినా పూర్తిగా వెనక్కి రారు. మొత్తం స్వయంగా చెప్పే జవాబులు నమ్మలేమంటే, ఇంత స్పష్టమైన తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ఊరికేచూస్తుంటా

ఇంత గొడవెందుకండీ, భూటాన్ వాళ్లు ఎప్పుడో తేల్చేశారు కదా. ప్రపంచంలో అందరికంటే సంతోషంగా ఉన్న దేశం అదేనని వాట్సాప్‌లో చూశాను. ఆ ఫారం తెచ్చి వాడుకోండి.

పాతలెక్కలు

వాట్సాప్ మాట పక్కన పెడదాం. భూటాన్ ప్రపంచ సంతోష నివేదికలో ఎప్పుడూ మొదటి స్థానంలో లేదు. స్థూల జాతీయ సంతోషం అన్న ఆలోచన రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్‌ది. 2008 రాజ్యాంగంలోకీ ఎక్కింది. వాళ్ల సూచీ నవ్వుల లెక్క కాదు. తొమ్మిది రంగాలు, 33 సూచికలు: నిద్ర, సమయ వినియోగం, పాలన, పర్యావరణం, సంస్కృతి ఇలా. ఒక్కో అంశంలో "చాలినంత" అనే గీత ఉంటుంది. మూడింట రెండు వంతుల్లో చాలినంత ఉంటే ఆ మనిషిని సంతోషంగా ఉన్నవారిలో లెక్కిస్తారు. ఇంటర్వ్యూ గంటల తరబడి సాగుతుంది. నీలిసిరా గారికి దక్కిన ఐదారు ప్రశ్నల్లో ఇరకదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1990ల మొదట్లో నేపాలీ మాట్లాడే లోత్సంపా ప్రజలు సుమారు లక్షమంది ఆ దేశం విడిచి నేపాల్ శిబిరాల్లో చేరారు. బలవంతంగా వెళ్లగొట్టారన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ తర్వాత ఎంత శ్రద్ధగా సర్వే చేసినా వాళ్లు ఆ జాబితాలో ఉండరు. ప్రశ్న ఎంత మంచిదైనా అడగడానికి అక్కడ లేని మనిషిని అది పట్టుకోలేదు.

నీలిసిరా

చాలా ఉపయోగపడుతోంది, అందరికీ కృతజ్ఞతలు. నా అసలు చిక్కు ఇంకా తీరలేదు. ఆదాయం పెరిగినవాళ్లలో కొందరు ఎందుకు డల్ అయ్యారు? ఇది కార్యక్రమం వైఫల్యమా? సంతోషం మార్కు తగ్గిందని రాస్తే వచ్చే ఏడాది నిధులు ఆగిపోతాయేమోనని భయంగా ఉంది.

డేటాబాబు

రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి, జీవితం మొత్తాన్ని తూచి చెప్పే తీర్పు. రెండోది, నిన్న రోజు ఎలా గడిచింది అన్న అనుభూతి. 2010లో మనస్తత్వవేత్త కానమన్, ఆర్థికవేత్త డీటన్ అమెరికాలో నాలుగున్నర లక్షల జవాబులు చూసి, ఆదాయం పెరిగేకొద్దీ నిచ్చెన మెట్టు పెరుగుతూనే ఉంటుందని, రోజువారీ అనుభూతి మాత్రం ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర ఆగుతుందని రాశారు. 2021లో కిల్లింగ్స్‌వర్త్ అలా ఆగదని చూపించాడు. చివరికి కానమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని 2023లో ఉమ్మడి పేపరు రాశారు: అందరికంటే దిగులుగా ఉన్నవాళ్లలోనే ఒక స్థాయి తర్వాత ఆగుతుంది, మిగతావాళ్లలో పెరుగుతూ పోతుంది. గొడవపడ్డ పరిశోధకులు ఒకే పేపరు మీద సంతకం పెట్టడం నాకైతే ఫలితం కంటే ఎక్కువ నచ్చింది.

మీవాళ్ల సంగతిలో, చిన్న వ్యాపారం పెట్టిన మనిషికి అప్పు వాయిదా ఉంటుంది, రేపు అమ్మకం ఉంటుందో లేదోనన్న బెంగ ఉంటుంది. జీవితం మెరుగే, నిన్నటి రోజు టెన్షనే. రెండూ నిజం. ఒకే ప్రశ్న అడిగితే ఒకదాన్ని ఇంకోటి మింగేస్తుంది. అందుకే బ్రిటన్ గణాంక కార్యాలయం 2011 నుంచి నాలుగు అడుగుతోంది: జీవితంతో ఎంత తృప్తి, చేసే పనులకు ఎంత విలువ ఉందనిపిస్తోంది, నిన్న ఎంత సంతోషం, నిన్న ఎంత ఆందోళన. అన్నీ సున్నా నుంచి పది. నేనైతే ఈ నాలుగే తీసుకుంటాను.

పాతలెక్కలు

పోలిక కూడా మారి ఉంటుంది. శిక్షణకు ముందు ఇరుగుపొరుగుతో పోల్చుకునేవారు, ఇప్పుడు తోటి వ్యాపారులతో. ఒకే దేశంలో ఒకే సమయంలో ధనికులు పేదల కంటే సంతోషంగా ఉన్నామంటారు, కానీ దేశం మొత్తం ధనికమవుతున్నా సగటు సంతోషం అంతగా పెరగదని 1974లో ఆర్థికవేత్త రిచర్డ్ ఈస్టర్లిన్ అన్నది ఇందుకే. స్టీవెన్సన్, వుల్ఫర్స్ 2008లో దీన్ని గట్టిగా ఖండించారు. ఆ తగవు ఇంకా తెగలేదు.

నర్సక్క

ఒక్కమాట అడగనా? ఈ ప్రశ్నలు ఎవరు అడుగుతారు నీలిసిరా గారూ? శిక్షణ ఇచ్చిన టీచరే ఫారం పట్టుకుని ఇంటికి వెళ్తే ఎవరైనా "బాగాలేదు" అంటారా? మా వార్డులో డాక్టరు గారు అడిగితే "బాగుందండి" అంటారు, ఆయన గది దాటగానే నాతో అసలు సంగతి చెప్తారు. పక్కన అత్తగారో మొగుడో కూర్చుంటే జవాబు మళ్లీ మారిపోతుంది. ఏ స్కేలు అని ఇంత చర్చించారు, దీన్ని ఎవరూ ఎత్తలేదేంటి?

నీలిసిరా

అక్కా, మా దగ్గర టీచర్లే అడుగుతున్నారు. వేరే మనుషులను పెట్టే బడ్జెట్ లేదు.

డేటాబాబు

అయితే కనీసం ఒక బ్యాచ్ టీచరు ఇంకో బ్యాచ్ వాళ్లను అడిగేలా మార్చండి. వీలైతే అంకెల ప్రశ్నలను ఫోన్లో వాళ్లే నొక్కేలా, లేదా కాగితం మీద గుర్తు పెట్టి కవర్లో వేసేలా చేయండి. చదవలేనివాళ్లకు మాత్రం మనిషి చదివి వినిపించాలి.

ప్రశ్నల వరసా ముఖ్యమే. గ్యాలప్ అమెరికాలో రోజూ చేసిన సర్వేలో రాజకీయ ప్రశ్నలు ముందు అడిగి తర్వాత నిచ్చెన అడిగితే జవాబు పడిపోయింది. 2008 ఆర్థిక సంక్షోభం కొట్టిన దెబ్బ కంటే ఆ ప్రశ్నల వరస దెబ్బే పెద్దదని డీటన్ తేల్చాడు. మీ ఫారంలో ముందు అప్పుల గురించి అడిగి, వెంటనే "జీవితంతో తృప్తిగా ఉన్నారా" అంటే మీకొచ్చేది అప్పుల మీద జవాబు. జీవితం ప్రశ్న మొదట్లో పెట్టండి. నిచ్చెన బొమ్మ కూడా వద్దు. నిచ్చెన అనగానే హోదా, డబ్బు గుర్తొస్తాయని ఈమధ్య పరిశోధనల్లో తేలింది.

తర్కం

నాలుగు ప్రశ్నలకు నేనూ ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. వాటిని కలిపి ఒక్క అంకె చేయొద్దు. ఆర్థికవేత్తలు స్టిగ్లిట్జ్, సేన్, ఫిటూసీల కమిషన్ 2009 నివేదికలో కారు ఉదాహరణ ఇచ్చింది. వేగాన్నీ మిగిలిన ఇంధనాన్నీ కలిపి ఒకే ముల్లు మీద చూపిస్తే డ్రైవరుకు ఏదీ తెలియదు. ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి ఓఈసీడీ వాళ్లు 2011లో పెట్టిన బెటర్ లైఫ్ సూచీలో 11 అంశాలకు బరువులు చూసేవాడే పెట్టుకోవచ్చు. ఎందుకు అలా వదిలేశారంటే ఆ బరువులు ఎవరు నిర్ణయించాలో శాస్త్రం చెప్పదు కాబట్టి.

ఇంకో ప్రమాదం: ఈ అంకె మీద నిధులు ఆధారపడ్డాయని తెలిసిన రోజు నుంచీ అంకె పెంచడం మీద దృష్టి పెడతారు. టీచర్లు "పది వేయండి, మన సెంటరు నిలబడుతుంది" అంటారు. ఎవరి చెడ్డతనమూ అక్కర్లేదు, అలా జరిగిపోతుంది.

పాతలెక్కలు

తర్కం గారూ, ఒక్క అంకె వద్దంటే దొరికేది పాత ఆదాయం అంకే. నిధులిచ్చేవాళ్ల దగ్గర రెండు ప్రతిపాదనలుంటాయి, ఒకదాన్నే ఎంచుకోవాలి. బ్రిటన్ ఖజానా శాఖ 2021లో ఒక మనిషి జీవన తృప్తి ఒక ఏడాదిపాటు ఒక మెట్టు పెరిగితే దానికి 13,000 పౌండ్ల విలువ కట్టింది. అసహ్యంగా అనిపిస్తుందని తెలుసు. ఆ లెక్క లేకపోతే రోడ్డుకు విలువ ఉంటుంది, మానసిక ఆరోగ్య కేంద్రానికి సున్నా పడుతుంది.

తర్కం

మాస్టారూ, దీని మీద మనిద్దరికీ పొత్తు కుదరదు. వేరే చర్చ పెడతాను, అక్కడ తేల్చుకుందాం.

నీలిసిరా

డ్రాఫ్ట్ చేశాను, చూడండి. మొదట్లోనే బ్రిటన్ వాళ్ల నాలుగు ప్రశ్నలు. ఐదోది తర్కం గారి దారిలో: "గత ఏడాదిలో మీ ఇంట్లో ముఖ్యమైన ఖర్చు విషయంలో మీ మాట చెల్లిందా?" ఆరోది అనుకోని ఖర్చు వస్తే ఎవరినీ అడగకుండా తట్టుకోగలరా అని. సగటు ఒక్కటే ఇవ్వను. తృప్తి నాలుగు లేదా అంతకు తక్కువ ఉన్నవాళ్లు ఎంతమందో విడిగా చూపిస్తాను. ఆందోళన పెరిగిన సంగతి దాచను. ఆదాయం పెరిగినవాళ్లలో ఎవరికి పెరిగిందో విడదీసి రాస్తాను.

డేటాబాబు

సూపర్. ఐదో ప్రశ్నను అవును, కాదు అని కాకుండా ఎప్పుడూ, అప్పుడప్పుడూ, ఎప్పుడూ లేదు అని మూడుగా చేయండి. శిక్షణ కోసం పేరిచ్చి ఇంకా మొదలుపెట్టని కొత్త బ్యాచ్‌ను కూడా ఇవే అడగండి. పోల్చడానికి ఎవరూ లేకపోతే ఈ మార్పు మీ శిక్షణ వల్లో, ఈ ఏడాది అందరికీ అంతేనో చెప్పలేరు.

పాతలెక్కలు

మధ్యలో మానేసినవాళ్లనూ మరిచిపోకండి. చివరిదాకా ఉన్నవాళ్లనే అడిగితే మీ లెక్క ఎప్పుడూ బాగానే వస్తుంది.

నర్సక్క

అవును. వాళ్లకు ఫోన్ చేసేటప్పుడు "ఎందుకు మానేశారు" అని మొదలుపెట్టకండి, పెట్టేస్తారు. ముందు ఆ నాలుగు ప్రశ్నలు అడగండి, కారణం వాళ్లే చెప్తారు.

నీలిసిరా

నమోదు పుస్తకంలో వాళ్ల నంబర్లున్నాయి. కొన్ని ఇప్పటికి మారిపోయి ఉంటాయి. దొరికినవాళ్లతో సోమవారం మొదలుపెడతాను. దొరకనివాళ్లు ఎంతమందో కూడా నివేదికలో ఒక గడి పెట్టి రాస్తాను.